మఖ నుంచి చిత్త దాకా: మన ఆకాశంలో గెలాక్సీలను వెతికి గుర్తుపట్టే పద్ధతి

గెలాక్సీ కనిపించలేదంటే తప్పు చాలాసార్లు టెలిస్కోప్‌ది కాదు, ఆకాశానిది. నక్షత్రం వెలుగంతా ఒక్క చుక్కలోనే ఉంటుంది కాబట్టి ఊరి దీపాల మధ్య కూడా కంటికి ఆనుతుంది. గెలాక్సీ వెలుగు పరుచుకుని ఉంటుంది. ట్రయాంగులమ్ గెలాక్సీ ఎం33నే తీసుకోండి (‘ఎం’, ‘ఎన్‌జీసీ’ అనేవి ఖగోళ వస్తువుల పట్టికలు, పక్కది వాటిలో వరస సంఖ్య). పట్టికల్లో దాని మాగ్నిట్యూడ్ (వెలుగును కొలిచే అంకె, ఎంత తక్కువైతే అంత ఎక్కువ వెలుగు) 5.7 అని ఉంటుంది. ఆ అంకె చూసి ఉత్త కంటికే కనిపించాలి కదా అనుకుంటారు. కానీ ఆ కాస్త వెలుగూ మూడు నిండు చంద్రుళ్లు పట్టేంత మేర పలచబడిపోయింది. హైదరాబాద్‌లో డాబా మీద 8 అంగుళాల వెడల్పు అద్దమున్న టెలిస్కోప్‌కి చిక్కని ఎం33, నల్లమల అంచున ఏ పల్లెలోనో మామూలు 10×50 (పది రెట్లు, 50 మి.మీ. లెన్సులు) బైనాక్యులర్స్‌కి దొరుకుతుంది.

పరుచుకున్న వస్తువును టెలిస్కోప్ పెద్దది చేసి చూపగలదు గానీ, దాని ఒంటి మీది వెలుగును కంటికి కనిపించే దానికన్నా పెంచలేదు. పవర్ పెంచితే గెలాక్సీ ఎంత మసకబారుతుందో వెనకున్న ఆకాశం కూడా అంతే మసకబారుతుంది. రెంటికీ మధ్య తేడా మాత్రం మారదు. ఆ తేడాను పెంచేవి మూడే: చీకటి, చంద్రుడు లేకపోవడం, గాలిలో దుమ్మూ తేమా తక్కువగా ఉండటం. లెన్సులూ అద్దాలూ వాటి తర్వాతే.

రాత్రిని ఎంచుకోవడం

ఇందుకు పంచాంగాన్ని మించిన పుస్తకం లేదు. బహుళ అష్టమి నాడు చంద్రుడు సుమారు అర్ధరాత్రికి ఉదయిస్తాడు. అక్కడి నుంచి శుద్ధ తదియ దాకా సాయంత్రాలు మనవే. సూర్యాస్తమయం కాగానే మొదలుపెట్టకండి. మన అక్షాంశాల్లో ఆకాశం పూర్తిగా నల్లబడటానికి గంటా పావు పైనే పడుతుంది.

ఏడాదిలో రెండు కాలాలు ముఖ్యం. నవంబర్ చివరి నుంచి జనవరి దాకా ఆండ్రోమెడా, దాని చుట్టుపక్కలవి. ఫిబ్రవరి చివరి నుంచి మే దాకా సింహం, కన్య రాశుల వైపు ఉన్న గెలాక్సీల గుంపులు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మబ్బులతో పోరు. దీపావళి అమావాస్యను నమ్ముకోకండి, ఆ పొగ రెండు మూడు రోజులు దిగదు. దాని తర్వాతది, పోలి పాడ్యమికి ముందు వచ్చే కార్తీక అమావాస్య, ఆండ్రోమెడాకు చాలా మంచిది. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి వదిలిన మర్నాటి రాత్రులు ఇంకా మంచివి, వాన గాలిలో దుమ్మునంతా కడిగేస్తుంది.

వసంతకాలపు గెలాక్సీలకు రెండు రాత్రులు ప్రత్యేకం. ఒకటి మహాశివరాత్రి. బహుళ చతుర్దశి కాబట్టి సన్నని చంద్రరేఖ తెల్లవారుజామున గానీ రాదు. ఎలాగూ జాగారమే కదా, గుడి సీరియల్ లైట్లకు దూరంగా పొలంలో కూర్చుంటే సరి. రెండోది ఉగాదికి ముందు వచ్చే కొత్త అమావాస్య. ఆ రాత్రి పదింటికి సింహరాశి, అర్ధరాత్రికి కన్యారాశి గెలాక్సీలు దాదాపు నడినెత్తికి వస్తాయి.

గాలి ఎలా ఉందో పగలే తెలుసుకోవచ్చు. సూర్యుణ్ణి ఏదైనా గోడ చాటున పూర్తిగా దాచి, ఆ గోడ అంచు దగ్గరి ఆకాశం చూడండి. అంచుదాకా నీలంగా ఉంటే రాత్రి బాగుంటుంది. సూర్యుడి చుట్టూ పాలలాంటి తెల్లదనం విస్తరించి ఉంటే పెట్టె సర్దడం దండగ. నక్షత్రాలు మిణుకుమిణుకుమంటున్నాయని మాత్రం బెంగపడొద్దు. ఆ వణుకు గ్రహాలు చూసేవాళ్లకు అడ్డం గానీ గెలాక్సీలకు పెద్దగా కాదు.

చోటు

హైదరాబాద్ లాంటి నగరం వెలుగు గొడుగు నుంచి బయటపడాలంటే కనీసం 80–100 కిలోమీటర్లు పోవాలి. ఎటు పోవాలన్నది ఏం చూడాలన్న దాన్ని బట్టి తేల్చుకోండి. సెంటారస్ వంటి దక్షిణపు గెలాక్సీలు కావాలంటే నాగర్‌కర్నూల్ వైపు, అంటే నగరానికి దక్షిణంగా వెళ్తే నగరం వెలుగు వీపు వెనక్కి పోతుంది. సప్తర్షి మండలం దగ్గరి గెలాక్సీలకు మెదక్ వైపు. అడవి రోడ్ల మీద రాత్రిపూట బండ్లు ఆపే చెక్‌పోస్టులు ఉంటాయి, ముందే కనుక్కోండి. పల్లె పొలమే అన్నిటికన్నా సులువు. అయితే మోటారు షెడ్డు మీది ఎల్‌ఈడీ బల్బు ఒక్కటి చాలు, రాత్రంతా పాడుచేస్తుంది. రైతుతో మాట్లాడి ఆర్పించుకోవాలి. గొట్టంలాంటిది పట్టుకుని చీకట్లో తిరిగే మనిషిని ఊరివాళ్లు అనుమానించడం సహజం. సర్పంచ్‌కో, దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కో ముందుగా ఒక మాట చెప్పి ఉంచండి. బూట్లు తప్పనిసరి, పాములకు మన అమావాస్యతో పనిలేదు.

వెళ్లిన చోటు పనికొస్తుందో లేదో చెప్పడానికి ఫిబ్రవరి, మార్చిల్లో పుష్యమిని చూడండి. కర్కాటకంలో పుష్యమి నక్షత్రాల మధ్య ఎం44 అనే నక్షత్రగుచ్ఛం ఉత్త కంటికి మసక మరకలా కనిపిస్తే అక్కడ టెలిస్కోప్ దించండి. చలికాలంలో అయితే ఆండ్రోమెడా గెలాక్సీ ఉత్త కంటికి కనిపించడమే పరీక్ష.

పరికరాలు

మొదటి ఏడాదికి 10×50 బైనాక్యులర్స్ చాలు. మోచేతులు ఆనించడానికి వాలుకుర్చీ గానీ నులకమంచం గానీ ఉంటే అదే స్టాండు. టెలిస్కోప్ కొంటే 8 అంగుళాల డాబ్సోనియన్ (నేల మీది పీఠంపై చేత్తో తిప్పే అద్దపు టెలిస్కోప్) మంచి బేరం. సాధారణంగా దాని ఫోకల్ లెంగ్త్ 1200 మి.మీ. ఉంటుంది. 25 మి.మీ. ఐపీస్‌తో (కన్ను ఆనించే లెన్సుతో) 48 రెట్లు, సుమారు ఒక డిగ్రీ ఆకాశం కనిపిస్తుంది. 10 మి.మీ.తో 120 రెట్లు. వెతకడానికి మొదటిది, దొరికాక వివరం చూడటానికి రెండోది. అట్టపెట్టె మీద ‘500 రెట్లు’ అని అచ్చేసిన బొమ్మ టెలిస్కోపుల జోలికి పోకండి, వాటి కాళ్లు గాలికే ఊగుతాయి.

ఫిల్టర్ల మీద డబ్బు పెట్టొద్దు. ఓ-3, యూహెచ్‌సీ వంటివి నీహారికల్లోని కొన్ని రంగుల వెలుగును మాత్రమే వదులుతాయి. గెలాక్సీ వెలుగు కోట్లాది నక్షత్రాల వెలుగు, అన్ని రంగులూ కలిసినది. ఫిల్టర్ పెడితే అదీ ఆగిపోతుంది.

దూరాలు కొలవడానికి చెయ్యి చాలు. చెయ్యి పూర్తిగా చాపి చూస్తే చిటికెన వేలి వెడల్పు ఒక డిగ్రీ, నడిమి మూడు వేళ్లు కలిపితే 5, పిడికిలి 10 డిగ్రీలు. చిన్నవాళ్లకు చెయ్యీ చిన్నదే, వేలూ సన్ననిదే కాబట్టి లెక్క పెద్దగా తప్పదు.

కంటిని వాడుకోవడం

చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడటానికి 20–30 నిమిషాలు పడుతుంది. ఒక్క వాట్సాప్ మెసేజ్ చూస్తే మళ్లీ మొదటికి. టార్చికి ఎర్ర సెల్లోఫేన్ కాగితం రెండు మూడు మడతలు చుట్టండి. స్టెల్లేరియం అనే ఆకాశపటం యాప్‌లో నైట్ మోడ్ పెట్టినా ఫోన్ తెర ఇంకా ఎక్కువే వెలుగుతుంది. బ్రైట్‌నెస్ అట్టడుగుకు తగ్గించి, తెరమీద కూడా అదే కాగితం కప్పండి.

ఇక అసలు కిటుకు ఓరచూపు. కంటి నడిమి భాగం పగటి చూపుకు, రంగులకు పనికొస్తుంది. మసక వెలుగును పట్టే కణాలు దాని చుట్టూ ఉంటాయి. అందుకే గెలాక్సీని సూటిగా చూస్తే మాయమవుతుంది, చూపు పక్కకు తిప్పితే తేలుతుంది. ఎటు తిప్పాలన్నదీ ముఖ్యమే. కుడికన్నుతో చూస్తున్నప్పుడు చూపును కుడికి, ఎడమకన్నుతో అయితే ఎడమకు జరపండి. అంటే గెలాక్సీ ఎప్పుడూ ముక్కు వైపు ఉండాలి. రెండోవైపు తిప్పితే అది కంటిలోని అంధబిందువు మీద పడి, ఉన్నది కూడా కనిపించకుండా పోతుంది.

ఇంకా కనిపించకపోతే గొట్టాన్ని వేలితో మెల్లగా తట్టండి. నిలకడగా ఉన్న మసక కన్నా కదిలే మసకను కన్ను తొందరగా పట్టుకుంటుంది. తల మీంచి ఐపీస్ దాకా నల్ల దుప్పటి కప్పుకుంటే పక్క వెలుగులు రావు. ఊపిరి బిగబట్టడం, ఒంటికాలి మీద వంగి నిలబడటం రెండూ చూపును తగ్గిస్తాయి. కూర్చుని చూస్తే నిలబడి చూసినదానికన్నా ఎక్కువ కనబడుతుంది. ఒక్కో గెలాక్సీ దగ్గర కనీసం పది నిమిషాలు ఉండాలి. చాలామంది ముప్పై సెకన్లకే ‘ఏం లేదు’ అని తేల్చేస్తారు.

మొదటిది ఆండ్రోమెడా

ఇక్కడ మనవాళ్లను దారితప్పించేది విదేశీ పటం. ఆండ్రోమెడా గెలాక్సీ ఎం31 ఆకాశంలో 41 డిగ్రీల ఉత్తర క్రాంతి (ఆకాశంలో అక్షాంశం లాంటిది) మీద ఉంది. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి అది మనకు ఎప్పుడూ నడినెత్తికి ఉత్తరంగానే వెళ్తుంది. దక్షిణానికి తిరిగి చూసేవాళ్ల కోసం గీసిన పటంలో మిరాక్ అనే తార దగ్గర ‘మిరాక్ నుంచి పైకి’ అని ఉంటే, ఉత్తరానికి తిరిగి నిలబడిన మనకు అది ‘కిందికి’. పటాన్ని తలకిందులు చేసి పట్టుకోండి.

డిసెంబర్ మొదట్లో రాత్రి 8 దాటాక ఉత్తరం వైపు తిరిగి తల బాగా పైకెత్తండి. నడినెత్తిన పెగాసస్ పెద్ద చతురస్రం ఉంటుంది. పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర నక్షత్రాలు దాని మూలల్లోవే. ఈశాన్య మూలలోది అల్ఫెరాట్జ్, ఉత్తరాభాద్ర తారల్లో ఒకటి. దాని నుంచి తూర్పుకు, అంటే కుడికి, ఇంచుమించు అంతే వెలుగున్న మిరాక్ దాకా వెళ్లండి. మధ్యలో ఒక మసక తార వస్తుంది. మిరాక్ దగ్గర మలుపు తీసుకుని కిందికీ కాస్త ఎడమకీ దిగితే దాదాపు 4 డిగ్రీల దూరంలో మ్యూ, మరో 3 డిగ్రీల దూరంలో ఇంకాస్త మసకగా న్యూ అనే తారలు. న్యూ పక్కనే, చిటికెన వేలి వెడల్పు దాటీ దాటకముందే, పడమటివైపు ఎం31. చలికాలపు ఉదయం అద్దం మీద ఊదిన ఆవిరిలా ఉంటుంది: నడుమ చిక్కగా, అంచు ఎక్కడో చెప్పలేనట్టు.

మీరు చూస్తున్నది ఎక్కువగా దాని నడిమి భాగమే. మొత్తం గెలాక్సీ పొడవు 3 డిగ్రీలు, ఆరు నిండు చంద్రుళ్లు వరసగా పేర్చినంత. 8 అంగుళాల టెలిస్కోప్‌లో ఒక్క డిగ్రీ మాత్రమే పడుతుంది కాబట్టి ఐపీస్ నిండా బూడిదరంగు వెలుగు తప్ప ఆకారం తెలియక నిరాశపడతారు. పొడవు చూడటానికి బైనాక్యులర్స్, దగ్గరి వివరానికి టెలిస్కోప్. టెలిస్కోప్‌లో వెతకాల్సినవి రెండు తోడు గెలాక్సీలు. ఎం32 కేంద్రానికి అర డిగ్రీ లోపే దక్షిణాన, ఫోకస్ తప్పిన నక్షత్రంలా గుండ్రంగా ఉంటుంది. దాన్ని నక్షత్రమే అనుకుని దాటేసేవాళ్లే ఎక్కువ. పక్కనున్న నిజమైన నక్షత్రంతో పోల్చి, ఫోకస్‌ను కొంచెం అటూఇటూ తిప్పితే తేడా బయటపడుతుంది. ఎం110 రెండోవైపు, వాయవ్యంగా అర డిగ్రీకి కాస్త ఎక్కువ దూరంలో, పెద్దదిగా, పలచగా ఉంటుంది. ఎం32 కనిపించి ఎం110 కనిపించలేదంటే ఆ రాత్రి గాలిలో తేమ ఎక్కువుందని అర్థం. మరీ మసక లక్ష్యాల వెంటపడకండి.

ఈ గెలాక్సీ దూరం సుమారు 25 లక్షల కాంతి సంవత్సరాలు. పర్షియా ఖగోళ శాస్త్రవేత్త అల్ సూఫీ క్రీ.శ. 964లోనే దీన్ని చిన్న మబ్బుగా నమోదు చేశాడు. అది మన పాలపుంతకు బయట ఉందని తేలింది మాత్రం 1923లో మౌంట్ విల్సన్ 100 అంగుళాల టెలిస్కోప్‌తో ఎడ్విన్ హబుల్ అందులో ఒక సెఫీడ్ తారను (వెలుగు హెచ్చుతగ్గులను బట్టి దూరం లెక్కకట్టగల తారను) పట్టుకున్నాకే.

ఎం33కి కొత్త దారి అక్కర్లేదు. మిరాక్ నుంచి ఎం31 ఎంత దూరమో, దాదాపు అంతే దూరం సరిగ్గా వ్యతిరేక దిశలో వెళ్లండి. బైనాక్యులర్స్‌లోనే మొదలుపెట్టండి. మిగతా ఆకాశం కన్నా ఒక చోటు కాస్త తెల్లగా ఉందనిపిస్తే అదే. ఫిల్టర్ గురించి పైన చెప్పినదానికి మినహాయింపు ఇక్కడుంది: ఎం33 లోపలి ఎన్‌జీసీ 604 పెద్ద నీహారిక, దానికి ఓ-3 ఫిల్టర్ పనిచేస్తుంది.

ఎం31 ఉత్తరాన శిఖరానికి చేరిన సమయానికే దక్షిణాన ఎన్‌జీసీ 253 కూడా శిఖరానికి వస్తుంది. కాబట్టి అక్కడే వెనక్కి తిరగండి. దక్షిణాన ఒంటరిగా మెరిసే డిఫ్డా తార నుంచి ముప్పాతిక పిడికిలి కిందికి దిగితే, 47 డిగ్రీల ఎత్తున పొడవాటి వెలుగు చార కనిపిస్తుంది. 1783లో కరోలిన్ హెర్షెల్ కనుక్కున్న గెలాక్సీ ఇది. యూరప్‌వాళ్లు దిక్చక్రం దగ్గర తడుముకునేదాన్ని మనం హాయిగా చూస్తాం. టెలిస్కోప్‌లో చూసే మొదటి గెలాక్సీగా ఎం31 కన్నా ఇదే ఎక్కువ తృప్తినిస్తుంది, మొత్తం ఒకే ఐపీస్‌లో పడుతుంది కాబట్టి.

మఖ, పుబ్బ, ఉత్తర, హస్త, చిత్త

వరుసగా వచ్చే ఈ అయిదు నక్షత్రాలు తెలిస్తే వసంతకాలపు గెలాక్సీలకు పటం సగం చేతికొచ్చినట్టే. పాలపుంత దుమ్ము అడ్డం లేని దిక్కు కావడం వల్ల ఇక్కడి నుంచి దూరపు గెలాక్సీలు బయటపడతాయి. మఖ అంటే సింహం గుండె దగ్గరి రెగ్యులస్. దాని నుంచి తూర్పుకు వస్తే పుబ్బ జంట, ఆ తర్వాత తోక చివర ఒంటి తార ఉత్తర.

పుబ్బలోని రెండు తారల్లో దక్షిణపుదాన్ని ఫైండర్‌లో (గురి చూడటానికి గొట్టానికి తగిలించిన చిన్న టెలిస్కోప్‌లో) పెట్టండి. అక్కడి నుంచి ఆగ్నేయంగా రెండున్నర డిగ్రీలు జరిపితే ఎం65, ఎం66 పక్కపక్కనే పడతాయి. వాటి మధ్య ఎడం డిగ్రీలో మూడో వంతు. వాటికి ఉత్తరంగా అర డిగ్రీకి కాస్త ఎక్కువ దూరంలో ఎన్‌జీసీ 3628, అంచువైపు నుంచి కనిపించే పలచని గీత. మొదటి రెండూ దొరికి మూడోది కనిపించకపోవడం సర్వసాధారణం. దాని వెలుగు పొడవునా పరుచుకుంది, ఓరచూపు లేకుండా రాదు.

ఉత్తర తార నుంచి కన్యారాశిలోని విండెమియాట్రిక్స్ తార దాకా ఒక గీత ఊహించండి, పొడవు దాదాపు 18 డిగ్రీలు. సరిగ్గా నడిమధ్యకు టెలిస్కోప్ తిప్పితే ఎం84, ఎం86 అనే రెండు గుండ్రని మసకలు ఒకే చోట కనిపిస్తాయి. ఇది సుమారు 5.4 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని కన్యారాశి గెలాక్సీ సమూహం. ఇక్కడ దారి చూపే పెద్ద తారలు లేవు, గెలాక్సీ నుంచి గెలాక్సీకి నడవాలి. మోటారు లేని డాబ్సోనియన్‌కు ఒక సౌకర్యం ఉంది. చెయ్యి తీసేస్తే ఆకాశం తనంతట తానే పడమటికి జరిగి, తూర్పున ఉన్నవాటిని ఐపీస్‌లోకి తెస్తుంది. ఎం86ని మధ్యలో కాకుండా ఉత్తరపు సగంలో పెట్టి వదిలెయ్యండి. ముందు ఎన్‌జీసీ 4435, 4438 జంట వస్తుంది. నాలుగున్నర నిమిషాలకు దక్షిణపు సగంలోకి ఎం87 వచ్చి నిలుస్తుంది. చుట్టుపక్కలవాటికన్నా వెలుగెక్కువ, గుండ్రన, నడుమ చిక్కన. 2019 ఏప్రిల్ 10న విడుదలైన మొట్టమొదటి కృష్ణబిలం చిత్రం దీని కేంద్రానిదే.

ఇక్కడ మన అక్షాంశం ఒక చిక్కు కూడా తెచ్చింది. ఈ సమూహం మనకు 85 డిగ్రీల ఎత్తుకు వెళ్తుంది. గొట్టం నిటారుగా నిలబడితే డాబ్సోనియన్‌ను పక్కకు తిప్పడం నరకం, ఎంత నెట్టినా లక్ష్యం మీదికి రాదు. రెండు గంటలు ముందు గానీ, దాటిన రెండు గంటలకు గానీ చూడండి. 60 డిగ్రీల ఎత్తు చాలినంత ఎత్తే.

హస్త అంటే కోర్వస్‌లోని చతుర్భుజం. దక్షిణానికి తిరిగి చూస్తే పై ఎడమ మూలన ఉన్న తార నుంచి మూడు వేళ్ల వెడల్పుకు కాస్త ఎక్కువగా పైకి, కొంచెం ఎడమకు వెళ్తే సోంబ్రెరో గెలాక్సీ ఎం104. మాగ్నిట్యూడ్ 8, చిన్నది కాబట్టి వెలుగు చిక్కగా ఉంటుంది, పవర్ తట్టుకుంటుంది. మంచి చీకట్లో 8 అంగుళాలకు 120 రెట్లలో దాని నడుమ నల్లని దుమ్ము చార ఛాయగా తెలుస్తుంది.

చిత్తను మాత్రం దారిదీపంగా వాడుకోండి. చిత్త సరిగ్గా దక్షిణానికి వచ్చినప్పుడు (ఏప్రిల్ చివర రాత్రి 11 దాటాక, మే చివర తొమ్మిదిన్నర ప్రాంతంలో) దాని కింద రెండు పిడికిళ్ల దూరంలో, కాస్త ఎడమకు ఎం83. మూడు పిడికిళ్లకు కొంచెం ఎక్కువ దూరంలో, నిలువుగా అదే గీత మీద సెంటారస్-ఏ, అంటే ఎన్‌జీసీ 5128. ఇంకా నాలుగున్నర డిగ్రీలు కిందికి ఒమేగా సెంటారై. మొదట ఒమేగానే పట్టుకుని పైకి ఎక్కడం తేలిక, ఎందుకంటే అది ఉత్త కంటికే కనిపిస్తుంది. అది గెలాక్సీ కాదు, గోళాకార నక్షత్రగుచ్ఛం. సెంటారస్-ఏ హైదరాబాద్‌లో 30 డిగ్రీల ఎత్తుకు, తిరుపతిలో 33 డిగ్రీలకు వస్తుంది. డల్లాస్‌లో ఉన్నవాళ్లకు 14 డిగ్రీలే. లండన్‌లో అసలు ఉదయించదు. ఏ ఊరికైనా లెక్క ఒకటే: అక్షాంశానికీ క్రాంతికీ తేడా తీసి 90 నుంచి తగ్గించండి. దక్షిణాన్ని ఋణ సంఖ్యగా తీసుకోవాలి. ఈ లెక్క ప్రకారమే మెల్‌బోర్న్‌లోని తెలుగువాళ్లకు పెద్ద మెజలాన్ మబ్బు (పాలపుంత పక్కనున్న చిన్న గెలాక్సీ) 58 డిగ్రీల ఎత్తున వెలుగుతుంటే, తిరుపతిలో అది దిక్చక్రానికి 7 డిగ్రీల లోపే మసకలో కలిసిపోతుంది.

సప్తర్షుల దగ్గర

ఉత్తరాన పని సులువు. పులస్త్యుడి నుంచి క్రతువుకు, అంటే చతుర్భుజంలో మూలకు మూల గీత గీసి, అంతే దూరం ముందుకు పొడిగించండి. ఎం81, ఎం82 ఒకే ఐపీస్‌లో పడతాయి. ఒకటి అండాకారం, రెండోది సన్నని కడ్డీ. మనకు ఇవి 38 డిగ్రీలు దాటి ఎక్కవు, కాబట్టి మార్చి, ఏప్రిల్ సాయంత్రాల్లోనే చూడాలి. తోక చివరి మరీచి నుంచి మూడున్నర డిగ్రీలు నైరుతిగా ఎం51. అందులో రెండు వెలుగు ముద్దలు తేలిగ్గా తెలుస్తాయి. సర్పిలాకారపు చేతులు 1845లో లార్డ్ రాస్‌కు కనిపించింది 72 అంగుళాల టెలిస్కోప్‌తో. 8 అంగుళాలకు చాలా మంచి రాత్రి ఆనవాలు మాత్రం చిక్కుతుంది. ఎం101 అరుంధతిని పక్కన పెట్టుకున్న వశిష్ఠుడితో, మరీచితో కలిసి త్రిభుజం చేస్తుంది. మాగ్నిట్యూడ్ 7.9 అని చూసి మొదటి రాత్రే దీనికి వెళ్లొద్దు, ఎం33 లాగే ఇదీ పరుచుకుపోయిన రకం.

దొరికింది గెలాక్సీయేనా?

ఐపీస్‌లోని మసకలన్నీ గెలాక్సీలు కావు. ప్రకాశమైన తార దగ్గర్లో ఉంటే లెన్సుల్లో దాని ప్రతిఫలనం మసక మరకలా పడుతుంది. టెలిస్కోప్‌ను కొంచెం కదిపి చూడండి. నక్షత్రాలతో కలిసి కదలకుండా ఎదురు దిశలోనో వేరే వేగంతోనో జరిగితే అది దయ్యమే, అంటే ఆ ప్రతిఫలనమే. రెండు మూడు తారలు దగ్గరగా ఉంటే తక్కువ పవర్‌లో మబ్బులా కలిసిపోతాయి, 120 రెట్లకు విడిపోతాయి. గోళాకార గుచ్ఛాలు అదే పవర్‌లో అంచుల్లో పొడిపొడిగా చుక్కలవుతాయి. తోకచుక్క గంటా రెండు గంటల్లో తారల మధ్య చోటు మారుతుంది. అన్ని తారల చుట్టూ ఒకేలా మసక ఉందంటే ఐపీస్‌కి మంచు పట్టింది. గుడ్డతో తుడవకండి, చొక్కా జేబులో పెట్టుకుంటే ఒంటి వేడికి పోతుంది. గొట్టం మూతికి పాత యోగా మ్యాట్ ముక్క చుట్టి, ఒకటిన్నర అడుగులు ముందుకు పొడిగిస్తే మంచు ఆలస్యంగా పడుతుంది.

గెలాక్సీయే అని తేలాక ఏదో తేల్చాలి. డాబ్సోనియన్‌లో బొమ్మ తలకిందులుగా, డయాగనల్ (చూపును పక్కకు తిప్పే అద్దం) ఉన్న రిఫ్రాక్టర్‌లో (లెన్సుల టెలిస్కోప్‌లో) కుడిఎడమలు తారుమారై కనిపిస్తుంది. దిక్కు తెలియడానికి చెయ్యి తీసి చూడండి: తారలు ఎటు జారిపోతాయో అది పడమర. గొట్టాన్ని ధ్రువ నక్షత్రం వైపు కాస్త నెట్టితే కొత్త తారలు ఏ అంచు నుంచి వస్తాయో అది ఉత్తరం. ఆ తర్వాత ఆకారం. అన్ని వైపులా ఒకేలా తగ్గుతూ పోయే గుండ్రని మసక దీర్ఘవృత్త గెలాక్సీ కావచ్చు, ఎం87లా. సన్నని గీత అంచువైపు నుంచి కనిపించే సర్పిలం. నడుమ చిన్న వెలుగు, చుట్టూ వెడల్పాటి పలచదనం ఉంటే ఎదురుగా తిరిగిన సర్పిలం.

ఫోన్‌లో పేరు చూసి ఆ తర్వాత కన్నుతో వెతికితే, లేనిది కూడా ఉన్నట్టు అనిపిస్తుంది. అందుకే ముందు కాగితం మీద బొమ్మ గియ్యండి. అరచేతంత వలయం గీసి, మొదట చుట్టూ ఉన్న తారలను పెట్టి, వాటి మధ్య మసకను పెన్సిల్‌తో రుద్ది, తేదీ, టైము, చోటు, ఐపీస్ రాసి, అప్పుడే పటంతో పోల్చండి. ఆ బొమ్మలు తర్వాత పనికొస్తాయి. 2023 మే 19న జపాన్‌కు చెందిన కోయిచి ఇటగాకి ఎం101లో సూపర్నోవాను (పేలిపోయిన తారను) కనిపెట్టారు. అది మాగ్నిట్యూడ్ 11 దాకా వెలిగి 8 అంగుళాల టెలిస్కోపులకూ అందింది. పాత బొమ్మలో లేని చుక్క ఐపీస్‌లో కనిపిస్తే ముందు మంచి ఫోటోతో పోల్చండి, చాలావరకు అది మన పాలపుంతలోనిదే, మీరు మునుపు గమనించని తార. ఫోటోలోనూ లేకపోతే రెండు గంటలు ఆగి మళ్లీ చూడండి. కదిలితే గ్రహశకలం. కదలకపోతే కొత్త సూపర్నోవాలను నమోదుచేసే ట్రాన్సియెంట్ నేమ్ సర్వర్‌లో ఆ గెలాక్సీ పేరు మీద ఏమైనా ఉందేమో వెతకండి.